గార్డు పెట్టె వెనక

దయ్యాలను నమ్మేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. చనిపోయినవాళ్ళు పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారని చర్చిలో వింటూ పెరిగినదాన్ని. బళ్ళో లెక్కలు చెప్తాను. క్లాసులో ఎవరైనా దయ్యం కథ మొదలెడితే చాక్‌పీసు ముక్క విసిరే రకం టీచర్ని. రాస్తున్నాను కదా అని ఇప్పుడు నమ్ముతున్నానని అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెప్తాను. కారణం మీకేమైనా తడితే నాకూ చెప్పండి.

మాది జంషెడ్‌పూర్‌లో సీతారామ్‌డేరా. అమ్మానాన్నలు పోయాక నాకు మిగిలింది తమ్ముడు దానియేలు ఒక్కడే. వాడే నాకు సైకిలు పిచ్చి అంటించాడు. నాన్న ఫ్యాక్టరీ షిఫ్టుకి తొక్కిన సైకిలు కాదు, వంపు హ్యాండిలు, సన్నటి చక్రాలు ఉండే రేసు సైకిలు. నలభైకి దగ్గరపడ్డ లెక్కల టీచరు హెల్మెట్ పెట్టుకుని బిష్టుపూర్ మీదుగా పోతుంటే పిల్లలు తెగ నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ అనుకునేదాన్ని.

ఈ ఊళ్ళో ఉన్న సుఖమేమిటంటే ఎటు తొక్కినా ఊరు తొందరగా అయిపోతుంది. మాంగో వంతెన దాటి డిమ్నా చెరువు పక్కనుంచి పటమ్‌దా వైపు పోతే ఎడమ చేతివైపు దల్మా కొండలు మనతోపాటే వస్తుంటాయి. గాలూడీ వైపు వరిచేలు, సువర్ణరేఖ బ్యారేజీ. హాతా రోడ్డులో ఎర్రమట్టి, సాల్ చెట్లు, సంతాలీల ఇళ్ళ గోడల మీద రంగుల గీతలు. సెలవొస్తే మేం నలుగురం తెల్లారగానే వీటిల్లో ఏదో ఒక దారి పట్టేవాళ్ళం.

నలుగురం అంటే నేను, దానియేలు, అప్పల్రాజు మావయ్య, రమణ. మావయ్య మా బంధువేమీ కాదు. ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు, నాన్న స్నేహితుడు. రమణ టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు, వాళ్ళ నాన్న గూడ్సు బండి గార్డు. దానియేలుకి ప్రాణ స్నేహితుడు. మా ఇంట్లో క్రిస్మస్ కేకు మొదటి ముక్క వాడికే వెళ్ళేది.

ఇక్కడ మేం తొక్కే పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మేం ఒకరి వెనక ఒకరం, చక్రానికి చక్రం దగ్గరగా పోతాం. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్ళకి శ్రమ తగ్గుతుంది. ముందువాడు అలిసిపోయాక పక్కకి జరిగి వేగం తగ్గించి వరస చివర చేరతాడు. తలతిప్పి చూసుకోకుండా చేరాలంటే వరస ఎక్కడ అయిపోయిందో తెలియాలి. అందుకని చివర ఉన్నవాళ్ళు ఒక కేక వేయాలి. మామూలుగా ఇక్కడివాళ్ళు ‘ఆఖ్రీ’ అంటారు. మేం మాత్రం ‘గార్డు పెట్టె’ అంటాం. రైలుకి ఆఖరి పెట్టె అదే కదా. రమణ ఇంటి మాట అది, దానియేలు నోట్లో పడి మా అందరిదీ అయింది. దానియేలు ‘పెట్టే...’ అని సాగదీసి అరిచేవాడు.

వానలు వెనకపట్టిన ఒక పొద్దున పటమ్‌దా రోడ్డులో దానియేలు చనిపోయాడు. ఒక ఎక్కుడు దగ్గర ఎవరి వేగంతో వాళ్ళం ఎక్కుతున్నాం. నేనూ మావయ్యా పైకెక్కి మలుపు తిరిగిపోయాం. వెనక రమణ, వాడి వెనక నా తమ్ముడు. వెనకనుంచి కారు వచ్చి కొట్టింది. చప్పుడు విని మేం వెనక్కి వచ్చేసరికి కారు లేదు. రమణ రోడ్డు పక్కన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా తమ్ముడు ఎర్రమట్టిలో పడి ఉన్నాడు. అప్పటికే మాట లేదు.

ఆసుపత్రి వరండాలో రమణ నాతో అన్నాడు, "దిగి సూసాడక్కా. మనిషి దిగి, సూసి, మల్లీ ఎక్కి ఎల్లిపోయినాడు."

ఆ మాట నేను ఒక్కదాన్నే విన్నాను. సాయంత్రం పోలీసుల ముందు వాడు వేరేగా చెప్పాడు. దుమ్ము లేచిందట, కారు ఆగనే లేదట, ఎవరినీ చూడలేదట. ఎవరిదో తెలియని వాహనం అని రాసుకున్నారు.

తమ్ముడి కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక వాణ్ణి పక్కకి పిలిచి నిలదీశాను. కళ్ళెత్తలేదు. "నానలాగ అన్నేదక్కా. ఆ టైములో మీకేటో ఇనపడిందిలే" అన్నాడు.

నాకు ఏదో వినపడిందట! ఆ రోజునుంచి ప్రార్థనలో క్షమించమని చెప్పే వాక్యం వస్తే నోరు మూసుకునేదాన్ని. కారు నడిపినవాడి మొహం నాకు తెలియదు. రమణ మొహం తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు వాడి నోటినుంచే ఆ పేరు కక్కించాలని పంతం పట్టాను. అందుకే చలికాలం రాగానే ఏమీ జరగనట్టు మళ్ళీ తొక్కుదాం రమ్మన్నాను. రానంటే ఎందుకు రావని అడుగుతాను. అది వాడికీ తెలుసు కాబట్టి వచ్చాడు.

మొదటిసారి గాలూడీ వెళ్ళాం. రమణ ముందు, మావయ్య మధ్యలో, చివర నేను. రమణ తన వంతు అయ్యాక పక్కకి జరిగి వెనక్కి జారుతున్నాడు. నా పక్కకి రాగానే ‘గార్డు పెట్టె’ అన్నాను. తల ఊపాడు. కానీ నా వెనక చేరలేదు. ఇంకా వెనక్కి జారి, మధ్యలో ఒక సైకిలు పట్టేంత చోటు వదిలి, అక్కడ వరసలోకి వచ్చాడు.

చాయ్ దుకాణం దగ్గర అడిగాను, ఎందుకంత వెనక పడ్డావని.

"మీరు అన్న తరవాత ఇంకోరు అన్నారు కదక్కా. గార్డు పెట్టె అని..." అంటూనే ఆగిపోయాడు. మేం వచ్చింది ముగ్గురమని అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

నేను మెల్లగా అన్నాను, "నీకేటో ఇనపడిందిలే."

మనసు బాగోక అలా అయిందనుకున్నాను. బాగోకూడదనే నా కోరిక. తర్వాత హాతా రోడ్డులోనూ అంతే. చాండిల్ డ్యామ్ వైపు వెళ్ళినప్పుడూ అంతే. నేను కేక వేస్తాను, వాడు నన్ను దాటి వెనక్కి వెళ్ళి ఎవరి వెనకో చేరినట్టు చేరతాడు. మధ్యలో చోటు మాత్రం ప్రతిసారీ పెరిగేది. నాకుగానీ మావయ్యకిగానీ ఏ గొంతూ వినపడలేదు.

చాండిల్ నుంచి తిరిగొస్తుంటే ఎదురుగాలి గట్టిగా ఉంది. మావయ్యా నేనూ ఆయాసపడుతూ తొక్కుతున్నాం. మావయ్య ఒకసారి వెనక్కి చూసి, నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు, "ఏటే అమ్మా, ఆడు తొక్కట్లేదు!"

చూశాను. రమణ కాళ్ళు కదలడం లేదు. తొక్కడం ఆపితే వెనక చక్రం టకటకమంటుంది, సైకిలు తొక్కేవాళ్ళందరికీ తెలిసిన చప్పుడే. అది వినపడుతూనే ఉంది. అంత గాలిలో తొక్కకపోతే పది బారలు పోయేసరికి ఆగిపోవాలి. ముందు మనిషి ఉన్నా అంతే. వాడు మా వేగంతోనే వస్తున్నాడు. తల వంచుకుని, ముందు ఎవరి వీపో చూస్తున్నట్టు.

ఇంటికి వచ్చాక మావయ్య నాతో, "ఇంక ఆడిని పిలవకే. నాకేటో బాగా నేదు" అన్నాడు. నాకు భయం వేయాల్సింది. ఎలా చెప్పను, సంతోషం వేసింది. ఆ రాత్రి తమ్ముడి ఫోటో ముందు కూచుని ‘వదలకురా’ అన్నాను. లెక్కల టీచర్ని, చర్చికి వెళ్ళేదాన్ని, అన్నాను.

మోదుగలు పూసిన రోజుల్లో పటమ్‌దా పోదామన్నాను. "ఛోడియే నా దీదీ" అన్నాడు రమణ ఫోనులో, వదిలెయ్యమని హిందీలో. నాతో ఎప్పుడూ తెలుగే మాట్లాడేవాడు. "వత్తావా, రావా?" అన్నాను. వచ్చాడు.

డిమ్నా చెరువు దాటాక అడవంతా ఎర్రగా ఉంది. ఆ ఎక్కుడు మొదలయ్యే చోటు దాకా రమణే ముందు తొక్కి, పక్కకి జరిగాడు. మావయ్య ముందుకొచ్చాడు. నేను ‘గార్డు పెట్టె’ అన్నాను. రమణ నన్ను దాటి వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళాడు.

కొంచెం ఎక్కాక తిరిగి చూశాను. బాగా దూరంలో ఉన్నాడు. కాళ్ళు కదలడం లేదు. చక్రం టకటక వినపడుతోంది. ఎదురుగాలి కాదు ఇప్పుడు, ఎక్కుడు. రెండు చేతులతో బ్రేకులు బిగబట్టి ఉన్నాడు. సైకిలు మాత్రం పైకి వస్తోంది.

"ఆపమనక్కా!" అని అరిచాడు. "ఆడిని ఆపమను!"

మావయ్య, "ఆగుదామే అమ్మా" అన్నాడు. నేను ఆగనివ్వలేదు. "ఎల్దాం మావయ్యా" అని ఇంకా గట్టిగా తొక్కాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ తొక్కలేదు.

నా తమ్ముడు పడిన చోటికి వచ్చాక వాడి సైకిలు ఆగింది. రమణ పక్కకి పడి, లేవకుండా అలాగే మట్టిలో కూచున్నాడు. నేను వెనక్కి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నేనేమీ అడగలేదు. వాడే చెప్పాడు.

"నాను సూసినానక్కా. ఆడూ నన్ను సూసినాడు. నాకు పనులిచ్చే ఠేకేదారే. ‘తూనే కుఛ్ నహీ దేఖా’ అన్నాడు, నువ్వేటీ సూడనేదని. తలూపినాను." కాసేపు ఏడ్చి, మిగతాది చెప్పాడు. "దానియేలు అప్పటికి మాటాడతన్నాడు. ఎనకనించి పిలిచినాడు, రమణా రమణా అని. నాను తిరగనేదు. ఆ కారు ఎల్లేదాకా అటే సూసుకుంట నిలబడ్డాను."

తమ్ముడికి ఆఖర్న మాట ఉందని నాకు అప్పుడే తెలిసింది. వాణ్ణి కొట్టాలని చెయ్యెత్తాను. అంతలో మావయ్య పిలిచాడు. కింద పడ్డ సైకిలు లేపబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చక్రం రిమ్ము కాలుతోంది. బ్రేకు రబ్బర్లు మాడిన వాసన. నేనూ ముట్టుకుని చూశాను, చుర్రుమంది. పెద్ద దిగుడులో బ్రేకు పట్టుకుంటే అలా వేడెక్కుతుంది. "ఎక్కుడులో ఎలాగే?" అని మావయ్య నన్నే అడిగాడు. ఆయన జీవితమంతా ఇనుముతో పనిచేసినవాడు.

ఆ రోజే రమణ పోలీసు స్టేషనుకి వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పాడు. కారు నడిపిన ఆ కాంట్రాక్టరు ఇప్పుడు కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. రమణ సైకిలు అమ్మేశాడు. స్కూటరు మీద వెళ్తున్నా మాంగో వంతెన మీద వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడని మావయ్య చెప్పాడు. తిరగనీ అన్నాను. నేను వాణ్ణి క్షమించలేదు.

తొక్కకుండా ఆ ఎక్కుడు ఎలా ఎక్కాడో, రిమ్ము ఎందుకు కాలిందో ఎన్ని రకాలుగా లెక్క కట్టినా నాకు తేలలేదు. భయంతో గొంతు విన్నాడని సరిపెట్టుకోవచ్చు. చక్రం భయపడదు కదా.

ఇప్పుడు నేనూ మావయ్యా ఇద్దరమే వెళ్తాం. నా వంతు అయ్యాక పక్కకి జరిగి వెనక్కి జారతాను. మావయ్య ‘గార్డు పెట్టె’ అంటాడు. వెంటనే చేరను. కాళ్ళు ఆపేసి, ఇంకో కేక వస్తుందేమో, ‘పెట్టే...’ అని సాగదీసి వస్తుందేమో అని ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి జారుతూ ఉంటాను. మావయ్య దూరమైపోతాడు. గాలి మొహానికి కొడుతుంది, సైకిలు ఆగిపోబోతుంది, మళ్ళీ తొక్కుకుంటాను. రమణకి అన్నిసార్లు వినపడిన నా తమ్ముడి గొంతు నాకు ఒక్కసారి కూడా వినపడలేదు.