మూతల బాబాయ్ తనిఖీ

ఇచ్చిన వస్తువు తిరిగి రాలేదని ఏడ్చేవాళ్ళను చాలామందిని చూశాను. తిరిగొచ్చిన వస్తువును తీసుకోవడానికి ఏడ్చేవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఆయన మా వర్క్‌షాపులో టూల్ రూమ్ చూసే మూతల బాబాయ్.

హైడ్రాలిక్ పంపుల్ని, సిలిండర్లని పరీక్షించే సామానంతా ఆయన దగ్గరే ఉండేది. ముల్లుతో ఒత్తిడి చూపే ప్రెషర్ గేజిలు, నూనె పారే హోసు గొట్టాలు, వాటిని ఒకదానికొకటి కలిపే అడాప్టర్లు. తెరిచి ఉన్న ఏ కన్నానికైనా మూత పెట్టందే ఆయనకు నిద్రపట్టదు గనక ఆ పేరు. గేజికి మూత, హోసుకు రెండు వైపులా రెండు మూతలు. ఒకసారి నేను ఆవలిస్తుంటే ఆయన చూసిన చూపుకు భయపడి గబుక్కున నోరు మూసుకున్నాను. గోడకున్న పలక మీద ప్రతి పనిముట్టు ఆకారమూ తెల్లరంగుతో గీసి ఉండేది. మేకులకు తగిలిస్తే నడుం విరుగుతుందని హోసుల్ని గుండ్రటి చెక్కల మీద పడుకోబెట్టేవాడు. అడాప్టర్ల సొరుగులకు పేర్లుండవు. లోపల ఏముందో దాని మచ్చు ఒకటి సొరుగు ముఖానే బిగించి ఉండేది. అక్కడ దేని చోటు దానికుంది, చోటు లేనిది నాకొక్కడికే అనిపించేది.

నేను టెస్టు బెంచీ మీద పనిచేసేవాణ్ణి. ఊరికి కొత్త. నా అద్దెగదికి ఒకే కిటికీ, అది కూడా పక్కింటి గోడకేసి తెరుచుకునేది. ఆదివారాలు ఎవరితోనూ ఒక్క మాట లేకుండా గడిచేవి. సోమవారం పొద్దున నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. తోటివాళ్ళ కబుర్లు నాకు చవకబారుగా తోచేవి, నా పుస్తకాలు వాళ్ళకు పిచ్చిగా తోచేవి. అందుకని సాయంత్రం అందరూ సామాను అప్పగించి వెళ్ళేదాకా బెంచీ వెనక కూర్చుని చదువుకుని, ఆఖరున వెళ్ళేవాణ్ణి. అక్కడ మొదలయ్యేది నా ఖర్మ.

"ముల్లు సున్నాకి దిగలేదు," అనేవాడు గేజిని వెలుతురుకు పట్టి.

"దిగింది బాబాయ్."

"నీ కంటికి దిగింది. దానికింకా అలసట తీరలేదు. కూర్చో."

కూర్చునేవాణ్ణి. మర్నాడు అడాప్టర్ మరలో నలక. ఆ మర్నాడు హోసులో నూనె వాసన తేడా. నలకను వెతకడానికి భూతద్దం, భూతద్దాన్ని తుడవడానికి గుడ్డ, గుడ్డను వెతకడానికి పావుగంట. పోనీ ఊరుకుంటాడా, నా జేబులోని పుస్తకం వైపు చూసి, అందులోవాడు చివరికి ఇల్లు వదిలాడా లేదా అని అడిగేవాడు. ఒళ్ళుమండి రెండు ముక్కల్లో తేల్చబోయేవాణ్ణి. ఆయన వేసే వెర్రి ప్రశ్నలకు కథంతా చెప్పాల్సివచ్చేది. బయటపడేసరికి రోజూ ముప్పావుగంట.

ఎనిమిది నెలలు భరించి, మేనేజరుకు ఫిర్యాదు రాశాను. మూడు పేజీలు. అంత మంచి వచనం ఆ వర్క్‌షాపులో అంతకుముందు ఎవరూ రాసి ఉండరు. మేనేజరు మొదటి పేజీ సగం చదివి, మర్నాడు నన్నూ, బాబాయినీ, పక్క బెంచీ ఫిట్టర్నీ పిలిపించాడు.

సామాను అప్పగించడానికి ఎంతసేపు పడుతుందని ముందు ఫిట్టర్ని అడిగాడు. రెండు నిమిషాలన్నాడతను. నేను ఎగతాళిగా నవ్వాను.

"నిజం సార్. ఇంటిదగ్గర ఎదురుచూస్తుంటారు, పద పద అని బాబాయే చేతిలోంచి గేజి లాక్కుంటాడు. ఇక్కడే పనిచేసే పెళ్ళికాని మా తమ్ముణ్ణీ అంతే. మీ అమ్మ కనిపెట్టుకునుంటుంది, ముందు నడువంటాడు."

నా నవ్వు ఆగిపోయింది. నాకోసం కనిపెట్టుకునుండేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరని నేను ఎవరికీ చెప్పలేదు. రోజూ ఆఖరున వెళ్ళేవాడు వేరే చెప్పనక్కర్లేదు కాబోలు.

"మరి ఇతన్నొక్కణ్ణే ఎందుకు ఆపుతున్నారు?" అన్నాడు మేనేజరు.

ఉన్నమాట చెబితే ఫిట్టరు ముందు నా పరువు పోతుంది. బాబాయ్ నావైపు చూడనైనా లేదు.

"తప్పు నాదే సార్. చూపు మందగించింది. ఆఖరున వచ్చేవాడి దగ్గరకొచ్చేసరికి కళ్ళు లాగేస్తాయి."

చూపు ఆనని మనిషి టూల్ రూముకు పనికిరాడని, సోమవారం నుంచి గేటు దగ్గర కుర్చీ వేయిస్తానని మేనేజరు కాగితం అందుకున్నాడు. పందొమ్మిదేళ్ళుగా సర్దుకున్న గదిని ఆయన ఒక్క అబద్ధంతో వదులుకుంటున్నాడు. పైగా, సరేనని తల కూడా ఊపాడు.

నా నోట్లోంచి మాట ఎలా ఊడిపడిందో తెలియదు. ఆయన చూపుకేం కాలేదన్నాను. ముల్లు దిగకపోవడం నిజం, నలకలు నిజం, నేనే సామాను సరిగా తుడవకుండా అప్పగించి, అడిగితే కోపంకొద్దీ ఈ కాగితం రాశానన్నాను. అంత హాయిగా నేనెప్పుడూ అబద్ధమాడలేదు.

"అయితే మూడు పేజీలూ కల్పనేనా?"

"రాస్తుంటే బాగా కుదిరిందండీ. ఆపలేకపోయాను."

మేనేజరుకు మండిపోయింది. నెలరోజులపాటు డ్యూటీ అయ్యాక గంటసేపు టూల్ రూములో ఉండి, బాబాయ్ చెప్పినట్టల్లా సామాను తుడిచి సర్దాలని నాకు శిక్ష వేశాడు. ఫిట్టరు నావైపు జాలిగా చూశాడు.

బాబాయ్ గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. ఏదో గుర్తొచ్చినవాడిలా వెనక్కి తిరిగాడు.

"నెలలో వీడికేం వస్తుంది సార్," అన్నాడు ఎంతో బాధ్యతగా. "మూడు నెలలు వెయ్యండి."