వాగు చెలిమకు కంప

నారికురుపు మన దేశంలో ఇక లేదని పేపర్లో చదివాను. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసిన తరువాత, మనుమరాలి పలక మీద. అందుకని ఇప్పటికీ వేలు పెట్టి, పెదవులు కదుపుకుంటూ చదువుతాను. చిన్న వార్తకే ఒక పూట పడుతుంది. ఈ వార్తకు ఇంకా ఎక్కువ పట్టింది. మెట్ల బావులు మూసేశారట, చేతి పంపులు వేశారట, నీళ్ళు వడగట్టుకోమని జనానికి నేర్పారట. తెలివి లేక మన జనం అన్నేండ్లు ఆ రోగంతో బాధపడ్డారని రాసినాయన రాశాడు.

ఎవరి తెలివో రాయలేదు. నేను ఆ బావి నీళ్ళు తాగి పెరిగినదాన్ని కనుక ఆ ముక్క నేను రాస్తాను.

మా ఊరు తెలకపల్లికి దగ్గర. ఊరికి తాగే నీళ్ళ దిగుడు బావి ఒక్కటే. రాతి మెట్లు నీళ్ళ దాకా కాదు, నీళ్ళ లోపలి దాకా ఉండేవి. మోకాటి లోతు దిగి, కడవను పక్కకు వంచి ముంచుకునేవాళ్ళం. ఎండకాలం వచ్చిందంటే ఏ ఇంట్లో చూసినా ఒకరు కాలు చాపుకొని కూర్చుని ఉండేవారు. మడమ దగ్గరో పిక్క మీదో పొక్కు లేచి, నిప్పు పెట్టినట్టు మండేది. పొక్కు పగిలితే తెల్లటి దారంలాంటి పురుగు కొస బయటపడేది. అదే నారి. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగాలి. తెగిందా, ఇక ఆ కాలు కాలు కాదు. మంటకు మాకు తెలిసిన మందు ఒకటే, పోయి బావిలో కాలు పెట్టి కూర్చోవడం. నీళ్ళు తగలగానే పొక్కు పగిలి ప్రాణం చల్లబడేది. ఆ నీళ్ళే కడవలో ముంచుకొని ఇంటికి తెచ్చుకునేవాళ్ళం.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఎండకాలం మా అమ్మకు నారి వచ్చింది. నాయన మేస్త్రి వెంట ఎక్కడో కట్ట పనికి పోయాడు. నాకు పెండ్లయింది గాని అత్తగారింటికి ఇంకా పంపలేదు. అమ్మ, నేను పటేలు ఇంటి ముందర ఆముదపు కాయలు కొట్టే పనికి పోయేవాళ్ళం. అమ్మ కాలు చాపుకొని కొట్టేది, నేను చెరిగేదాన్ని. అరుగు మీద లోకం సంగతులు నడిచేవి. బడి పంతులు నాగర్‌కర్నూల్ పోయినప్పుడు ఎవరో చదివి పారేసిన పేపరు తెచ్చేవాడు. చదవడం పంతులు పని, తీర్పు చెప్పడం పటేలు పని.

"వానలు ఎందుకు లెవ్వంటవు పంతులూ? గీ విమానాలతోనే," అన్నాడు ఒకనాడు పటేలు. "మబ్బుల నడుమ నుంచి గట్ల దూరి పోతుంటే మబ్బులు చినిగిపోవా?"

"విమానాలు తిరిగేది వేరే దేశంల పటేలా. మన మబ్బులు అక్కడియి గావు."

"మబ్బుకు ఊరేంది, వాడేంది? గాలి ఎటు కొడితే అటు. నువ్వు చదువుతవు గని ఆలోచన జెయ్యవు."

పంతులు తల ఊపాడు. వనపర్తి తోవన బొగ్గు మంటతో నడిచే బస్సు ఒకటి వచ్చింది ఆ రోజుల్లో. దాని పొగ పీల్చిన బర్రెలు పాలు తగ్గిస్తున్నాయని ఇంకొకాయన అన్నాడు. గద్వాల రైలు పట్టాల పక్కన భూమి అదిరి అదిరి బావులు ఇంకిపోతున్నాయని మరొకాయన. మేము తలలు వంచుకొని నవ్వుకునేవాళ్ళం. వాళ్ళు ఏమనుకున్నా రైలు ఆగదు, విమానం దిగదు. ఆ మాటలు ఒకనాడు మా కడవ మీదికే వస్తాయని మాకు తెలియదు.

సర్కారు దవాఖాన నుంచి సైకిలు మీద డాక్టరు వచ్చాడు. బావి నీళ్ళు ఒక గాజు గ్లాసులో తెప్పించి, ఎండకు ఎత్తి పట్టుకొని, భూతద్దం చేతికిచ్చి ఒక్కొక్కరినే చూడమన్నాడు. ఆడవాళ్ళం చివర చూశాం. తెల్లటి నలుసులు గంతులేస్తున్నాయి.

"వీటి కడుపుల నారి పిల్లలు ఉంటయి. నీళ్ళతోటి మీ కడుపులకు పోతయి. ఏడాది దాటినంక కాళ్ళల్ల తేల్తయి," అన్నాడు డాక్టరు. "నారి పిల్లల్ని బావిల ఇడిసేది ఎవరనుకుంటున్నరు? మీరే. పుండు కాలు నీళ్ళల్ల పెడితిరా, లచ్చల పిల్లలు."

"మా తాత ఇవే నీళ్ళు తాగి పండు ముసలోడై పోయిండు సాబ్," అన్నాడు పటేలు.

"మీ తాతకు నారి వచ్చిందా, రాలేదా?"

"ఎందుకు రాలే? నారి రానోడు ఈ ఊర్ల మొగోడే గాదు."

అందరూ నవ్వారు. డాక్టరు నవ్వలేదు. పుండు ఉన్న కాలు బావిలో పెట్టొద్దన్నాడు. దళసరి బట్ట మడత పెట్టి నీళ్ళు వడగట్టుకోమన్నాడు. అన్నిటికంటే మంచిది మెట్లు మూసేసి, గోడ కట్టి, గిరక పెట్టి చేదతో తోడుకోవడం అన్నాడు. గిరక మాటకు పటేలు, "చూద్దాం సాబ్, చూద్దాం," అన్నాడు. ఆ చూడటం నేనున్నన్ని రోజులు పూర్తి కాలేదు. బట్ట మాటకు మా అమ్మ నోరు ఊరుకోలేదు. అది యుద్ధపు కంట్రోలు కాలం, బట్ట కూడా సర్కారు లెక్క ప్రకారమే ఇచ్చేవాళ్ళు. బట్ట కోసం తెలకపల్లి పోయి పొద్దుగూకుల నిలబడి ఉత్త చేతులతో వచ్చేవాళ్ళం.

"మడత పెట్టను బట్ట ఉంటే కట్టుకోకపోదుమా డాక్టర్ సాబ్?" అంది అమ్మ.

ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. సైకిలెక్కి పోయాడు.

ఆ సాయంత్రమే అరుగు మీద తీర్పు అయింది. నారి ఉన్న ఇంటివాళ్ళు బావి దిగొద్దు. అమ్మ కాయలు కొట్టే కట్టె పక్కన పెట్టి లేచింది.

"పటేలా, డాక్టరు కాలు అన్నడు గని ఇల్లు అనలే. నేను దిగను. మా పిల్లకు నారి లేదు, పిల్ల ముంచుకొస్తది."

"ఇంట్ల ఒకరికి తేలిందంటే అందరి కడుపుల ఉన్నట్టే. ఒక్క కుండ నీళ్ళే గద తాగేది? దీన్ని సైన్సు అంటరు. నీకు తెల్వదు."

"మరి మీ ఇంట్లనూ ఉన్నది గద?"

అరుగు మీద ఎవరో దగ్గారు. పటేలుకు కోపం రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "మా ఇంటోళ్ళు బావి దిగుతరా చెప్పు? మాకు నీళ్ళు మోసే ఆడమనిషి వేరే ఉన్నది. ఆమె కాళ్ళు మంచిగున్నయి. జర ఆలోచన జెయ్యి."

అమ్మ పంతులు వైపు చూసింది. పంతులు పేపరు మడుచుకుంటున్నాడు. సొంతంగా నీళ్ళు మోసుకునే కూలి ఇండ్లకే ఆ కట్టుబాటు తగిలింది.

ఇక మాకు మిగిలింది వాగు. ఎండకాలం అందులో ఇసుక తప్ప నీళ్ళు కనపడవు. ఇసుక తోడితే కింద చల్లగా ఊరుతాయి. ఆ గుంటనే చెలిమ అంటారు. కొబ్బరి చిప్పతో కొంచెం కొంచెం తోడి కడవ నింపాలి. అక్కడ మాకంటే ముందు ఊరి చివరి వాడ ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళను బావి మెట్టు ఏనాడూ తొక్కనివ్వలేదు. వాళ్ళకు ఏడాది పొడుగునా చెలిమలే.

"రాండ్రి అవ్వా, రాండ్రి," అంది వాళ్ళలో పెద్దామె. "బావి ఎల్లగొడితే గని వాగు యాదికి రాలే మీకు."

"నారి వచ్చి మైలపడ్డమంట," అంది అమ్మ.

"మీరు నిన్న పడ్డరు. మేము పుట్టుకతోనే పడ్డం. ఏం గాదు, అలవాటైతది."

ఆమె చెంబు తీసుకొని వాగు కిందికి జరిగి, వేరే చోట ఇసుక తోడుకోసాగింది. జరగమని మేము అనలేదు. మా ఊళ్ళో ఆ మాట ఎవరూ అననక్కర లేదు.

నారి ఉన్న కాలితో అంత దూరం నడవకూడదు. కానీ నేనొక్కదాన్నే ఎన్ని కడవలు మోయను? అమ్మ కూడా వచ్చేది. ఒకనాడు వాగు ఒడ్డు ఎక్కుతుంటే రేగుకంపకు పుల్ల తగులుకుంది. పురుగు తెగింది. కాలు తొడ దాకా వాచి చీము పట్టింది. వానలు పడేనాటికి అమ్మ మంచం దిగింది గాని మోకాలు మళ్ళీ చాపరాలేదు. పుండు మానింది కదా అని బావికి పోతే, "కడుపుల ఇంకా ఉంటయి," అని పటేలు మళ్ళీ వాగుకే పంపాడు. అమ్మ కాలు చూసి నన్ను అత్తగారింటికి పంపే మాట కూడా ఆగిపోయింది.

ఆ తరువాతి ఎండకాలం మా కూలి ఇండ్లలో ఒకరిద్దరికే నారి వచ్చింది. ఆ పై ఏడు ఒక్కరికీ రాలేదు. చివరి వాడలోనూ లేదు. ఊరి నడిమి ఇండ్లలో మాత్రం ఎప్పటిలాగే మంచాలు నిండాయి. పటేలు అరుగు మీద ఈసారి వేరే సైన్సు నడిచింది. ఆముదపు కాయలు కొడుతూ మా చెవులతోనే విన్నాం.

"బావి నుంచి ఎల్లగొట్టినమని పగ పట్టిండ్రు. పోతపోత బావిల ఏందో పారేసి పోయిండ్రు."

"మందు పెట్టి ఉంటరు పటేలా. లేకుంటే వాళ్ళకు పోయి మనకు మిగులుడేంది?" ఇది పంతులు మాట.

ఆ మాటలు మా మీద దెబ్బలుగా పడతాయేమోనని కొన్నాళ్ళు భయపడుతూ బతికాం. అమ్మ ఎవరింటి ముందర నుంచి పోయినా కడవ మీద చెయ్యి ఉంచుకొని, చేతిలో ఇంకేమీ లేదని కనపడేట్టు నడిచేది.

ఇంతలో ఆ డాక్టరే మళ్ళీ వచ్చాడు. పటేలు మా మీద ఫిర్యాదు చెప్పాడు. డాక్టరు వాగు దాకా వచ్చి, చెలిమ నీళ్ళు గ్లాసులో పట్టి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. ఒక్క నలుసు లేదు.

"మందు గాదు, మాయ గాదు. ఇసుక వడగట్టింది," అన్నాడు సంతోషంగా. "ఏ బట్టకూ ఇంత పని చేతగాదు. గిరక పెట్టే దాకా ఊరంత ఈ నీళ్ళే తాగండి పటేల్ సాబ్. పురుగు ఉండదు, పరేషాన్ ఉండదు."

మాకు కూడా సంతోషమే అయింది. మా మీది నింద పోయింది కదా. ఊరు బాగుపడాలని ఆ మనిషి చెప్పాడు. వినేవాళ్ళు ఎవరో ఆయనకు తెలియదు.

మరునాడు పొద్దున కడవలతో పోయేసరికి చెలిమల చుట్టూ తుమ్మ కంప కొట్టి ఉంది. పటేలు జీతగాడు కట్టె పట్టుకొని నిలబడ్డాడు. చెలిమలు ఇక నడిమి ఊరివట. చివరి వాడ వాళ్ళు మాట్లాడకుండా వాగు వంపు అవతలికి పోయారు. అక్కడ ఇసుక పలుచన, కింద బండ. తోడితే చారెడు నీళ్ళు కూడా ఊరవు. మేము పటేలు దగ్గరికి పోయాం.

"ఎందుకు మొత్తుకుంటరు?" అన్నాడు పటేలు. "మీ కాళ్ళు మానినయి. ఊర్ల నారి లేని కాళ్ళు మీయే. బావి మీకు ఇచ్చేసినం, పోండి. కడుపు నిండ ముంచుకోండి."

"ఆ బావిల పురుగులున్నయనే గద పటేలా మీరు వాగుకు వస్తున్నది!" అంది అమ్మ.

"వడగట్టుకోండ్రి. డాక్టరు చెప్పలేదా ఏంది?"

ఇంటికి వచ్చేటప్పుడు, "నేను వంపు అవతల దాకా పోయి తెస్తనమ్మా," అన్నాను.

"బండ మీద గీరుకుంట కూచుంటే నీకు పొద్దంత ఒక్క కడవ నిండదు. పనికి ఎవరు పోతరు, ఏం తింటం? పా, బావికే పోదం." అని అమ్మ ముందు నడిచింది.

బావి మెట్లు దిగడానికి అమ్మకు చాలాసేపు పట్టింది. చాపరాని కాలు కిందికి వేయాలంటే గోడ పట్టుకోవాలి. నీళ్ళ అంచున పటేలు తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఆ ఏడు అతనికి నారి వచ్చింది. పంచె మోకాలి మీదికి మడిచి, పిక్క దాకా నీళ్ళలో పెట్టుకొని కండ్లు మూసుకున్నాడు. వాళ్ళ ఇంటి నీళ్ళు ఇప్పుడు వాగు నుంచి వస్తున్నాయి.

"అయ్యా, జర కాలు తియ్యి," అంది అమ్మ. "కడవ ముంచుకోవాలె."

అతను కండ్లు తెరిచి మమ్మల్ని చూశాడు. పాపం, చెడ్డవాడు కాదు. "తీస్త తియ్యి అవ్వా, మంట ఆగుతలేదు," అని కాలు ఎత్తి పై మెట్టు మీద పెట్టుకున్నాడు. పురుగు కొస తడిగా వేలాడుతోంది. నేను కొంగు మడిచి కడవ మూతి మీద పట్టుకున్నాను. మడత పెట్టినా కొంగులో నుంచి నా వేళ్ళు కనపడుతూనే ఉన్నాయి. అమ్మ చెంబుతో ఆ కాలు ఉన్న చోటనే నీళ్ళు ముంచి పోసింది.

కడవ నిండింది. మేము మూడో మెట్టు ఎక్కక ముందే అతని కాలు మళ్ళీ నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది.

పై ఎండకాలం ఏం వస్తుందో నాకు ఆ మెట్ల మీదనే తెలుసు. వచ్చింది.