తొమ్మిదో ప్రశ్న

ఎవరితో మాట్లాడాల్సి వచ్చినా ఆమె ముందుగా తన కుర్చీని కొంచెం పక్కకు తిప్పుతుంది. ఎదురెదురుగా కూర్చుంటే మనిషి బెదురుతాడని, కాస్త ఓరగా కూర్చుంటే మాట బయటికి వస్తుందని మొదటి ఏడాది క్లాసులో చెప్పారు. అప్పటినుంచి ఇంట్లో కూడా అంతే. బావ వదలడు.

“ఏం మరదలా, కుర్చీకి మెడ పట్టేసిందా?”

ఆమె యూనివర్సిటీలో సైకాలజీ చదువుతోంది. అక్కా బావల ఇంట్లో ఉంటుంది. బావ క్రేన్ ఆపరేటరు. పద్దెనిమిది అంతస్తుల ఎత్తున, గాజు గదిలో, ఒక్కడే కూర్చుంటాడు.

ఈ చదువుకు ఉద్యోగాలేం వస్తాయని ఆయన అడుగుతూనే ఉంటాడు. బడిలో పిల్లలతో మాట్లాడే పని, కంపెనీల్లో మనుషుల్ని ఎంచే పని, జైళ్ళలో, ఆసుపత్రుల్లో కూడా ఉంటాయని ఆమె చెబుతుంది. ఆమెకు ఆసుపత్రి కావాలి. “ముందు మీ అక్కని చూసి ప్రాక్టీసు చేసుకో,” అంటాడు.

ప్రాక్టికల్ రికార్డు కోసం ఒక మనిషిని ప్రశ్నలు అడిగి రాయాలి. క్లాసులో అందరూ ఇంట్లోవాళ్ళనే కూర్చోబెడతారు. ఆమె బావను కూర్చోబెట్టింది. తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా జవాబు. లేదంటే సున్నా, రోజూ ఉంటే మూడు.

తొమ్మిదోది: చచ్చిపోతే బాగుండునని ఈమధ్య అనిపించిందా?

“మూడు రాసుకో. ఫస్టు క్లాసు నాదే,” అని నవ్వాడు బావ.

వంటింట్లోంచి అక్క, “ఆయన మాటలకేంలే,” అంది.

ఆమె మూడు రాసింది. తర్వాత కొట్టేసి సున్నా వేసింది.

ఇరవై రోజుల తర్వాత, రికార్డులు దిద్దుతూ క్లాసు మేడమ్ ఆ పేజీ దగ్గర ఆగారు.

“ఈ కొట్టివేత ఎవరిది?”

“నాదే మేడమ్. ఆయన సరదాకి అన్నారు.”

“సరదాకని ఆయన చెప్పారా, నువ్వు అనుకున్నావా?”

మేడమ్ వేలు పేజీ పైకి వెళ్ళింది. వయసు నలభై ఒకటి. వృత్తి, క్రేన్ ఆపరేటరు. అక్కడ వేలు ఆగిపోయింది.

“ఈరోజే అడుగు. సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు. అవునంటే ఒంటరిగా వదలకు. నాకు ఫోన్ చెయ్, డాక్టరుకి నేను చెప్తాను.”

బస్సులో ఆమె నిలబడే వచ్చింది. సీటు ఖాళీగానే ఉంది. దారిలో కడుతున్న మేడల మీద క్రేన్లు కనపడ్డాయి. ప్రతి క్రేన్ దగ్గరా కింద నేలను చూసింది.

బావ మామూలుగానే వచ్చాడు. బూట్లు విప్పకుండా చాలాసేపు కూర్చున్నాడు. ఇది రోజూ జరిగేదే. ఇవాళే ఆమె కంటపడింది.

“కొత్త సేఫ్టీ బెల్టు ఏదండీ? సంచిలో లేదే?” అంది అక్క.

“కొత్తగా చేరినవాడికి ఇచ్చేశా. నాకెందుకే, పాతకాపుని.”

అక్క నవ్వింది. తన వస్తువులు ఇచ్చేయడం కూడా ఒక గుర్తని ఆమె క్లాసులో వింది. కుర్చీ లాగి, పక్కకు తిప్పింది.

“అదిగో, మళ్ళీ మెడ పట్టింది!” అన్నాడు బావ.

ఆమె కూడా నవ్వేసింది. ఆ నవ్వుతో ఆ పూట పోయింది. ఆయన వెళ్ళి పడుకున్నాడు. ఆమె గోడకు చెవి ఆన్చి, ఆయన దగ్గితే ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంది.

పొద్దున ఐదున్నరకు బావ హెల్మెట్ తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆమె అడ్డంగా నిలబడి ఉంది.

“తప్పుకో మరదలా, లేటవుతుంది.”

“బావా, కూర్చో. తొమ్మిదో ప్రశ్నకి నువ్వు మూడన్నావు. నేను కొట్టేశాను. తప్పు నాది. నిజంగా అనిపిస్తోందా, చచ్చిపోవాలని?”

ఆయన నవ్వడానికి నోరు తెరిచాడు. నవ్వు రాలేదు. కుర్చీలో కూర్చున్నాడు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పైకి ఎక్కినప్పుడల్లా,” అన్నాడు. “మీ అక్కకి చెప్పవుగా?”

“చెప్తాను బావా. అక్కకీ చెప్తాను, మా మేడమ్‌కీ చెప్తాను. ఇవాళ నువ్వు ఎక్కొద్దు.”

ఆమె ఆయన ఒళ్ళోంచి హెల్మెట్ తీసి తన చంకలో పెట్టుకుంది. అక్కను కేకేసింది. మేడమ్ నంబరు నొక్కింది.