దాపటి ఎద్దు ఆగకుండా పోయిన సాలు

మా ఊళ్లో కాడికి ఎడమవైపు కట్టే ఎద్దును దాపటిది అంటాం, కుడివైపుదాన్ని ఎలపటిది అంటాం. దూడగా ఉన్నప్పుడు ఏ వైపు అలవాటు చేస్తే బతికినన్నాళ్లూ ఆ వైపే నడుస్తుంది. మా ఆయన చనిపోయిన ఏడాదే, ఎండల్లో మా ఎలపటిది కూడా రోగమొచ్చి చచ్చిపోయింది. మిగిలింది దాపటిదొక్కటే. నీళ్లకు తోలుకుపోతే అది బండిబాటలో ఎడమ గాడి వదిలేది కాదు. కుడిపక్క ఇంకో ఎద్దు పట్టేంత చోటు వదిలి నడిచేది. నేను వెనకాల ఆ ఖాళీ చోటునే చూసుకుంటూ పోయేదాన్ని.

ఒంటి ఎద్దుకు పని లేదు, మేత మాత్రం కావాలి. మేతకు దాచిన వేరుశనగ కట్టె వామి సగానికి దిగిపోయింది. అయినా లేవగానే దానికి తవుడు కలిపి పెట్టి, దాని పక్కనే కూర్చుని మాట్లాడేదాన్ని. ఆయన గోకినట్టే గంగడోలు గోకేదాన్ని. ఎన్నోసార్లు మధ్యాహ్నమైనా నా పొయ్యి రాజేది కాదు. మా బావ, అంటే మా ఆయనకు అన్న, పక్కింట్లోనే ఉంటాడు. ఇదంతా చూసి చూసి ఒకనాడు అననే అన్నాడు.

"ఏమ్మా, అది ఎద్దా, మా తమ్ముని పటమా? దండొగటి ఎయ్యి, సరిపోతాది."

"దండ నువ్వెయ్యి బావా. మేత నేనేస్తాండా కదా."

"యాడుండాది మేత? వామి చూసినావా? ఇంగొన్నాళ్లు పోతే నువ్వూ అదీ కలిసి మన్ను తినల్ల."

కోపమొచ్చింది గానీ ఆ మాటలో అబద్ధం లేదు. ఎద్దు డొక్కలు నాకూ కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ వారంలోనే వాన పడింది. మర్నాడు పామిడి పక్క ఊరినుంచి ఒక రైతు వచ్చాడు. ఆయన దాపటి ఎద్దు చచ్చిపోయిందట. ఎలపటిది ఉత్తగా కట్టేసి ఉందట. మా ఇంటి సంగతి ఎవరో చెప్పినట్టున్నారు.

"అక్కా, నేలలో ఈ తడి పదును నాలుగు నాళ్లు నిలిస్తే గొప్ప. నీ ఎద్దును నాకిచ్చెయ్యి. దానికి బదులు ముందు నీ చేనే ఇత్తుతా, పైరొచ్చినాక కలుపుకు గుంటక కూడా నేనే తోల్తా."

"అది మా ఇంటాయన చేతికే నడిచింది అప్పా. నీకు నడవదు."

"ఎద్దుకు కావల్సింది చెయ్యి కాదక్కా, జత. నడవకుంటే తిరిగి తెచ్చి నీ వాకిట్లోనే కట్టేస్తా."

ఆ చివరి మాటకే ఒప్పుకున్నాను. నడవదనే నా నమ్మకం. ఎద్దును ఇచ్చేటప్పుడు దాని పలుపుతాడు ఇవ్వకూడదు, కొత్తది తీసుకునేవాళ్లే తెచ్చుకోవాలి. ముడి నేను విప్పలేదు. బావే విప్పి తాడు నా చేతికిచ్చాడు.

మరుసటి పొద్దున జతను కట్టుకుని ఆ రైతు మా చేనికి వచ్చాడు. రెండు ఎద్దులూ ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాయి. అంతే. "హై" అనగానే ఎన్నో ఏళ్ల జతలాగా అడుగు కలిపాయి. నేను ఒడిలో విత్తనాలు పోసుకుని గొర్రు వెనక నడిచాను. పిడికిలి సందులోంచి కొద్దికొద్దిగా గొర్రు మీది జడ్డిగం గిన్నెలో జారవిడిస్తే, నాలుగు గొట్టాల్లోంచి గింజ సాల్లోకి పడుతుంది. మా ఆయన గొర్రు పట్టినన్నాళ్లూ వెనక చెయ్యి నాదే.

చేని నడుమ ఒక కానుగ చెట్టుంది. మా ఆయన ప్రతి సాలుకూ ఆ నీడలో ఒక్క ఊపిరి ఆగేవాడు. దాపటిది చెప్పకుండానే అక్కడ నిలబడిపోయేది. ఇప్పుడు నీడ వచ్చింది. ఎద్దు తల కూడా తిప్పలేదు. కొత్త జతతో పాటు నేరుగా దాటిపోయింది. నా కాళ్లు నడుస్తున్నాయి గానీ పిడికిలి మూసుకుపోయింది.

గొట్టాల్లో గింజల చప్పుడు ఆగిపోయిందని రైతుకు ముందుండే తెలిసింది. వెనక్కి చూడలేదు.

"అక్కా, చెయ్యి ఆడించు. సాలు ఖాళీ పోతాంది."

"కొంచెం నిలుపప్పా."

"నిలిపితే పదును నిలుస్తాదా? ఏడ్చుకో, వద్దనలేదు. చెయ్యి మాత్రం ఆపొద్దు."

కొంగుతో మొహం తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. పిడికిలి వదులు చేశాను. పొద్దు నెత్తికొచ్చేసరికి చేను అయిపోయింది. ఆయన జతను తోలుకుని తన ఊరి దారి పట్టాడు. పిలవాలనిపించింది. పిలవలేదు. పిలిచినా అది కాడి కింద ఉంది, ఎట్లా తిరుగుతుంది?

మొలకలొచ్చాక కానుగ దగ్గర నాలుగు సాళ్లూ ఒక మనిషి పడుకునేంత మేర బోడిగా కనిపించాయి. బావ చూసి, "అలసందలన్నా పెట్టమ్మా, నేల ఊరికే పెట్టుకుంటే ఏమొస్తాది" అన్నాడు. తడి ఉండగానే వంగి ఒక్కొక్క గింజా పెట్టాను. వేరుశనగ కంటే ముందే అవి కాపుకొచ్చాయి. కాయలు కోసుకొచ్చి, ఒలిచి, పొద్దున్నే పొయ్యి రాజేసి పులుసు చేశాను. సంగటి ముద్దలో గుంత చేసి పోసుకుని తింటుంటే కళ్లనీళ్లు కారిపోయాయి. అయినా ముద్ద మొత్తం తిన్నాను. కలుపుకు పోవాలి గదా, ఆకలితో వంగలేం.