ఎవరూ లేనప్పుడు అమ్మ

నేను పుట్టేనాటికి మా నాన్న ఊరి సర్పంచి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ పదవికి పనికిరారని అప్పటి సర్కారు రూలు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత కొడుకు పుడతాడని ఆశపడి కన్న మూడోదాన్ని నేను. కొడుకునైతే కుర్చీ వదులుకునేవాడో ఏమో, ఎప్పుడూ అడగలేదు. జవాబు నాకు తెలుసు.

పక్కింట్లో పెదనాన్నకు ఒక్కడే కొడుకు. అంటే వాళ్ళ లెక్కలో ఇంకొకరికి చోటుందన్నమాట. జనన ధ్రువపత్రంలో నేను పెదనాన్న కూతుర్నయ్యాను. రేషన్ కార్డులో, పదో తరగతి సర్టిఫికెట్లో, పాస్‌పోర్టులో, చివరికి పెళ్ళిపీటల మీదా అంతే. కన్యాదానం పెదనాన్న, పెద్దమ్మ చేశారు. మా అమ్మ భోజనాల దగ్గర వడ్డన చూసుకుంది. పెద్దమ్మ నాకే లోటూ చేయలేదు, ఆ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి.

ఊరందరికీ తెలుసు. తెలిసినా కాగితం కాగితమే. కేసు వెయ్యడానికి అవతలి పార్టీవాళ్ళు కాచుక్కూర్చునేవాళ్ళు. అందుకని నలుగురిలో అమ్మని పిన్నీ అనాలి, నాన్నని బాబాయ్ అనాలి. వంటింట్లో అమ్మ తలుపు దగ్గరికి వేసి, అటూ ఇటూ చూసి, "ఎవరూ లేరు. ఇప్పుడు పిలువు," అనేది. అప్పుడు అమ్మా అనేదాన్ని.

ఆరేళ్ళప్పుడు, ఎన్నికల రోజుల్లో, అవతలి పార్టీ మనిషొకాయన బడి దగ్గర చాక్లెట్ చూపించి, "మీ అమ్మ ఎవరే పాపా?" అన్నాడు. పెద్దమ్మ పేరు చెప్పాను. ఇంటికొచ్చి చెబితే అమ్మ ముద్దులు పెట్టి, రెండు సున్నుండలు చేతిలో పెట్టింది. "నా బంగారుతల్లి, తప్పు చెప్పలేదు," అంది. ఎంత గర్వపడ్డానో!

జర్మనీలో, కాట్‌బస్‌లో మాస్టర్స్ చేశాక పెళ్ళయి అక్కడే జిండెల్ఫింగెన్ ఊరు చేరాను. మా ఆయనది కార్ల ఫ్యాక్టరీలో బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగం. ఇక్కడ పిల్లల్ని కంటే ఒక్కొక్కరికీ నెలనెలా ప్రభుత్వమే డబ్బిస్తుంది. ఎందరిని కన్నారని తప్పుపట్టే దిక్కే లేదు. నాకు కడుపు పండింది. తొలికాన్పు పుట్టింటివాళ్ళది కదా, పుట్టిల్లే ఇక్కడికి రావాలి. వీసా ఫారంలో అమ్మ నాకేమవుతుందని అడిగిన చోట 'పిన్ని' అని నింపాను. ఆ వేలు విరిగిపోతే బాగుండుననిపించింది.

ఎనిమిదో నెలలో నాన్న ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"అమ్మాయ్! రూలు ఎత్తేశారే! ఇప్పుడు ఎంతమందున్నా పర్లేదంట. జనం తగ్గిపోతన్నారంట, ఇంకా కనమంటన్నారు. ఈసారి నిలబడతన్నా!"

ఒళ్ళు మండిపోయింది. "మరి నా సంగతేంటి బాబాయ్?"

"నీకిప్పుడేం తక్కువైందే? కావాలంటే కాగితాలు మార్పిద్దాం. లాయర్ని అడుగుతాలే."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. డిగ్రీ, పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్, ఇక్కడి వీసా, అన్నీ ఆ అబద్ధం మీదే నిలబడ్డాయి. ఒక్కటి కదిపితే ఏది కూలుతుందో ఎవరికి తెలుసు? వద్దని ఫోన్ పెట్టేశాను. ఇరవై ఎనిమిదేళ్ళు నా నోరు నొక్కింది ఈ రూలు కోసమా? ఒకరోజు పెట్టి ఒకరోజు తీసేసే దాని కోసమా?

తొమ్మిదో నెల నిండుతుండగా అమ్మ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగింది. బాలింత కాయం సీసా పాత చీరలో చుట్టి తెచ్చింది. నన్ను చూడగానే చెవిలో మొదట చెప్పిన మాట ఇదీ:

"ఎవరి దగ్గరికని ఆఫీసరు అడిగాడే. మీ పెద్దమ్మ నాకు అక్కేగా, సిస్టర్ డాటర్ అన్నా. విమానంలో అంతా అదే వల్లెవేసుకున్నా. తప్పు చెప్పలేదు."

మెచ్చుకుంటానని నా మొహంలోకి చూసింది. నేను ట్రాలీ తోసుకుంటూ నడిచాను. ఇంట్లో ఉన్న పదిరోజులూ పక్క ఫ్లాట్ తెలుగువాళ్ళు తలుపు తడితే చాలు, పిన్నీ అనమని నాకు కళ్ళతో సైగ చేసేది.

పదకొండోనాడు పొద్దున్నే నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో కాన్పు గదిలోకి నాతోపాటు ఒక్కరే రావాలన్నారు. మా ఆయన వెనక్కి తగ్గి, "మీరు వెళ్ళండి అత్తయ్యగారూ, మీరుంటే తనకి ధైర్యం," అన్నాడు. నర్సు ఫైలు పట్టుకుని అమ్మ వైపు తిరిగి, నవ్వుతూ, మదరా అని ఇంగ్లీషులో అడిగింది. అవునని నేనన్నాను.

అమ్మ గబగబా తల అడ్డంగా ఊపింది. "నో నో. ఆంటీ."

"అమ్మా! ఇది మనూరు కాదే! ఇక్కడెవరూ కేసు వెయ్యరు!"

"నువ్వూరుకో. ఆవిడ చేతిలో కాగితాలున్నాయి. కనుక్కుంటే మీ ఉద్యోగాలు పోతాయి, మిమ్మల్ని పంపించేస్తారు," అని అమ్మ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

మా అమ్మ అని నేనంటే, కాదని అమ్మే అంటుంటే, పాపం ఆ నర్సు ఎవరి మాట నమ్ముతుంది? మా ఆయన్ని లోపలికి రమ్మంది. ఆ గదిలో అయిదు గంటలు అమ్మా, అమ్మా అని గొంతు చించుకున్నాను. అంత గట్టిగా అమ్మని పిలవడం నా జన్మలో అదే మొదలు. తలుపవతలకి వినబడే ఉంటుంది.

ఆడపిల్ల. మధ్యాహ్నం మమ్మల్ని వార్డు గదిలోకి మార్చాక మా ఆయన కాఫీ తేవడానికి వెళ్ళాడు. అమ్మ పాపని ఎత్తుకుని, ఏడ్చిన కళ్ళతో వచ్చి మంచం పక్కన నిలబడింది. పక్క మంచం ఖాళీ. తలుపు వైపు ఒకసారి చూసి నా మీదకి వంగింది.

"ఎవరూ లేరు. ఇప్పుడు పిలువు."

నేను చేతులు చాచాను.

"పాపని ఇలా ఇవ్వు, పిన్నీ."