పేరు లేని చెట్టుకు పంచనామా

తెలిసిన చెట్టును తెలియనట్లు చూడడం మహా కష్టం. అందులోనూ అది వాసన చెట్టయితే ఆ కష్టం పగవాళ్లకు కూడా వద్దు. మా ఊరు ఊరంతా ఒక పూటంతా ఆ పని చేసింది. చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని, అందరికంటే చేతగానిదాన్ని.

పెళ్లయి పాలకుర్తి దగ్గరి ఆ ఊరికి కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాకు పదహారేళ్లు. ఇంట్లో మా అత్త, మా ఇంటాయన, నేను. మామ ఎప్పుడో పోయాడు. మా అత్త పుట్టిల్లు మానుకోట. ఆమె కొత్త కోడలిగా వస్తూ అక్కడి రైల్వే స్టేషన్ తోటలో ఒక మొక్కను అడిగి తెచ్చుకుందట, రైలు దిగేదాకా ఒళ్లోంచి దించకుండా. అది మా పెరట్లో ఇంటికి రెండింతల ఎత్తు పెరిగింది. ఆకు వేపాకును పోలి ఉంటుంది. వానలు వెనకబట్టాక పొడుగు కాడల తెల్లపూలు పూసి, తెల్లవారేసరికి నేల కనబడకుండా రాలేవి. ఆ కాడలను దారం లేకుండానే జడ అల్లినట్లు అల్లుకోవచ్చు. చుట్టుపక్కల పది ఊళ్లు తిరిగినా అలాంటి చెట్టు ఇంకొకటి లేదు. తోటమాలి చెప్పిన పేరును మా అత్త దారిలోనే మరిచిపోయింది. అందుకని ఊళ్లో దాన్ని ఆమె పేరు పెట్టి ఫలానామె చెట్టు అనేవాళ్లు. దానికి ఇంకో పేరు ఎవరికీ తెలియదు.

ఆ చెట్టును చూసుకొని మా అత్తకు ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. ఎవరింట్లో పెళ్లయినా ఒడినిండా పూలు తీసుకుపోయి పంచేది. ఊరికే పంచితే ఆమె మా అత్త ఎందుకవుతుంది? దొర గడీలో కూడా ఇలాంటిది లేదని చెప్పి మరీ పంచేది. దొరకు ఆ మాట చేరుతుందేమోనని తీసుకునేవాళ్లు భయపడుతూ తీసుకునేవాళ్లు. కన్నకొడుకు మీద కంటే ఆమెకు ఆ మాను మీదే ప్రేమ ఎక్కువని నేను మా ఇంటాయనతో అన్నాను కూడా. ఆయన కాదనలేదు.

అవి సంఘం రోజులు, దొరల మీదా పోలీసుల మీదా ఊళ్లు ఏకమై తిరగబడ్డ కాలం. పోలీసు లారీలు ఊళ్లోకి రాకుండా బాటకు అడ్డంగా చెట్లు పడేసేవాళ్లు. కొన్నాళ్లకు బాట పక్కన చెట్లన్నీ అయిపోయాయి. అప్పుడు ఇంటికొక చెట్టు చొప్పున వంతులు పెట్టారు. మా వంతు వచ్చేసరికి మా అత్త ఊళ్లో లేదు, తమ్ముడి బిడ్డ పెళ్లికి మానుకోట వెళ్లింది. మా పెరట్లో ఉన్నవి రెండే చెట్లు. ఒకటి ఆమెది, ఇంకొకటి మునగ. మా ఇంటాయన చాలాసేపు ఆ మునగచెట్టునే చూశాడు. మునగచెట్టును లారీకి అడ్డం వేస్తే డ్రైవరు కాయలు తెంపుకొని దాని మీదనుంచే పోతాడు. ఇక చేసేది లేక రెండోదాని మీద గొడ్డలి వేశాడు.

రెండు జతల ఎడ్లు కట్టి దాన్ని పొద్దుగూకేలోపు ఘన్‌పూర్ బాట మలుపుకు లాక్కుపోయారు. మిగిలిన మొద్దు మీద మా ఇంటాయన గడ్డివాము వేశాడు. రాలిన పూలు నేను ఊడ్చాను. పూలైతే పోయాయి, వాసన ఎక్కడికి పోతుంది? పొరుగింటి అవ్వ సలహా మీద ఎరువు కుప్పను తవ్విపోశాను. అప్పుడు పెరడంతా పూలూ పేడా కలిసిన ఒక కొత్త వాసన వచ్చింది. అంత చేశాక, అత్తమ్మ వచ్చి చెట్టేదని అడిగితే ఏం చెబుదామని మా ఇంటాయనను అడిగాను. పోలీసులకు జవాబు ఆలోచించుకున్నాడు గానీ తల్లికి ఆలోచించుకోలేదు పాపం.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చి మలుపు దగ్గర ఆగింది. అమీను దిగాడు. మా దిక్కు ఠాణాకు పెద్ద అతనే. ఊరందరినీ బాట మీదికి రప్పించాడు. అంతకుముందు పక్క ఊళ్లో ఇలాగే చెట్టు దొరికితే, అది ఎవరిదో తేల్చుకొని ఆ మనిషిని ఠాణాకు తీసుకుపోయారు. అతను నెల తరవాత మంచం మీద తిరిగి వచ్చాడు. మళ్లీ నడుము ఎత్తలేదు. అందుకని ఈ చెట్టు ఎవరిదో తెలిస్తే మా ఇంటాయనకు ఏమవుతుందో అక్కడ నిలబడ్డ అందరికీ తెలుసు.

అమీను మాత్రం ఎవరిదని అడగలేదు. ఏం చెట్టని అడిగాడు. మాకు తెలిసిన పేరు ఒక్కటే, అది చెబితే ఎవరిదో చెప్పినట్లే. కిందటిసారి పంచనామాలో ఉత్త ‘చెట్టు’ అని రాసి పంపితే, ఏ జాతి చెట్టో రాయలేదని పైవాళ్లు కాగితం తిప్పి పంపారట. ఆ అవమానం అతని ముఖంలో ఇంకా ఉంది. రాతగాడిని దుంగ మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ పిలిచాడు.

ముందు పిలిచిన ముసలి రైతు గానుగ అన్నాడు. రాతగాడు గానుగ అని రాశాడు. రెండో అతను ఇప్ప అన్నాడు. గానుగ కొట్టేసి ఇప్ప రాశాడు. మూడో అతను కల్లు గీసేవాడు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చెట్ల మీదే బతికినవాడు. అతను తుమ్మ అన్నాడు. మరి ముండ్లేవని రాతగాడు అడిగాడు.

“ముసల్దైతే ముండ్లు రాల్తయ్ సాబ్.”

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి నేను తల వంచుకున్నాను. అప్పుడు నా జడలోంచి వాసన గుప్పుమంది. నిన్న ఊడ్చిన పూలలోంచి గుప్పెడు అల్లుకొని పెట్టుకున్న సంగతి నాకు గుర్తే లేదు! నా తెలివి మీద మన్ను పడ. అవి అమీను కంట పడితే చెట్టు ఏ ఇంటిదో ఇక అడగక్కర్లేదు. వెనకాల ఉన్న పొరుగింటి అవ్వ చూసింది. చటుక్కున దండ లాగి, దాచే చోటు లేక, నోట్లో కుక్కుకుంది. సరిగ్గా అప్పుడే అమీను ఆమెను పిలిచాడు. ఆమె కక్కలేక మింగలేక తల అడ్డంగా ఊపుతూ నిలబడింది. చెవిటిదీ మూగదీ అని పక్కవాళ్లు చెప్పారు. ఊళ్లోకెల్లా పెద్దనోరు ఆమెది.

అప్పటికి కాగితం మీద ఏడు చెట్లు రాసి ఏడూ కొట్టేశారు. ఇంకొక్కసారి అబద్ధం చెబితే మగవాళ్లందరినీ లారీ ఎక్కిస్తానన్నాడు అమీను. అంతలో ఘన్‌పూర్ వైపునుంచి ఒక బండి వచ్చి అడ్డంగా ఉన్న చెట్టు దగ్గర ఆగింది. అందులోంచి మా అత్త దిగింది.

ఆమెకు ఏమీ తెలియదు. రైలు దిగి పెళ్లి మూటతో వస్తున్న మనిషి. ఆ చెట్టును ఎవరైనా వేప అంటేనే ఊరుకోదు, ఇప్పుడు అది నేల మీద పడి ఉంది. ఆమె దగ్గరికి వచ్చింది. మాను మీద చెయ్యి వేసింది. ఒక కొమ్మ మీద చిన్నప్పుడు మా ఇంటాయన ఉయ్యాల కట్టిన తాడు ఒరిసిన గీత ఉంటుంది, దాన్ని తడిమింది. తల ఎత్తి జనాన్ని చూసింది. అందరూ దొంగకు తేలు కుట్టినట్లు ఉన్నారు. చివరికి కొడుకును చూసింది. ఆయన బొబ్బలెక్కిన అరచేతులు పంచెలో దాచుకున్నాడు. తల్లికి అవి చాలు.

ఇది ఏం చెట్టని రాతగాడు ఆమెనూ అడిగాడు. ఆమె కొమ్మ మీది చెయ్యి తీసేసింది.

“యాపచెట్టు, దొరా.”

“యాపచెట్టుకు గింత వాసనా?”

“మా మానుకోట దిక్కు యాప గిట్లనే వాసనొస్తది.”

ఆమె అనడమే ఆలస్యం, ఊరందరికీ ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చింది. అవును వేపే, ఆకు చూస్తే తెలియదా అన్నారు. తుమ్మ అన్నవాడు అందరికంటే ముందు అన్నాడు. చెవిటి అవ్వ కూడా తల ఊపింది. అమీనుకు కావలసింది ఒక పేరు, అది దొరికింది. సాక్షిగా మా అత్త చేత వేలిముద్ర వేయించుకున్నాడు. వయసులో ఉన్న మగవాళ్లందరినీ చెట్టు నరికి బాట విడిపించమన్నాడు. తల్లి చూస్తుండగా మా ఇంటాయన దాన్ని రెండోసారి నరికాడు. కొమ్మ కదిలినప్పుడల్లా పూలు ఆయన నెత్తిన రాలాయి. ఆమె బండి చక్రానికి ఆనుకొని అంతా చూసింది.

ఇంటికి వచ్చాక ఆమె గడ్డివామును చూసింది, ఎరువు కుప్పను చూసింది. మా ఇంటాయన ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. తప్పయింది కొట్టవ్వా అన్నాడు.

“నరికినవ్, పోనీ. సచ్చిందాన్ని యాప అని నా నోటితోని అనిపిచ్చినవ్ గదరా.”

అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. మామ పోయినప్పుడు కూడా ఆమె ఇలా ఏడవలేదని ఊళ్లోవాళ్లు తరవాత చెప్పారు. ఆ పొద్దంతా ఆమె కొడుకు ముఖం చూడలేదు. కన్నకొడుకు కంటే మాను మీదే ప్రేమ ఎక్కువన్న నా మాట తలుచుకొని నేను సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం భయపడుతూనే అన్నం పెట్టుకుపోయాను. కంచం ముందు పెట్టుకొని ఒక్క ముద్ద కలిపి ఆగింది.

“వాన్ని గూడ పిలు, పిల్లా. పొద్దటిసంది ఏం తిన్లేడు.”