పాలమూరు డాక్టరు చెప్పిన మాట

కొన్నేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని బతుకుతున్నాను. మింగలేను. నా భార్య ముందు కక్కలేను. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

మాది నారాయణపేట. ఇద్దరం చీరలు నేసేవాళ్లం. చిన్నప్పటి కీళ్ల జ్వరంతో ఆమె గుండె కవాటం ఒకటి దెబ్బతింది. తెగిన పోగును ముడివేసి కొసను పళ్లతో కొరకడం ఆమెకు అలవాటు. ఒకరోజు తెల్ల నూలు మీద ఎర్రచుక్క పడింది. చిగుళ్ల నెత్తురు. మర్నాడే చిన్న కత్తెర కొనిచ్చాను, చీరకు మరక కాకుండా. ఆమె ప్రేమ అనుకుంది.

తర్వాత గుండె పరీక్షకు పాలమూరు వెళ్లాం. ఆమె మందుల లైన్లో ఉండగా డాక్టరు నాతో చెప్పాడు: చిగుళ్లు చీముపట్టాయి, ఆ క్రిములు నెత్తుట్లో కలిసి కవాటం మీద చేరితే ప్రాణాపాయం, వెంటనే పళ్ల డాక్టరుకు చూపించి గుండె సంగతి కూడా చెప్పండి.

“ఏమన్నడయ్యా డాక్టరు?”

“ఏమంటడు? ఉప్పునీళ్లు పుక్కిలించుమన్నడు.”

“గీ మాటకు పాలమూరు దాంక రావాల్నా? మా అవ్వనడిగితే చాయ తాగుకుంట చెప్తుండె!” అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఎందుకు దాచాను? మగ్గం మీద పడుగు ఉంది. ఒక్కసారి పడుగు ఎక్కిస్తే వరసగా ఎనిమిది చీరలు నేయాలి. వైద్యమంటే మళ్లీ మళ్లీ తిరగాలి. ఆమె బదులు నేను కూర్చుంటే చెయ్యి మారిన తేడా నేతలో కనబడుతుంది, నూలిచ్చి నేయించుకునే షావుకారు చీరను తిప్పి పంపుతాడు. పడుగు దిగాక చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఆ పడుగు దిగింది, ఇంకొకటి ఎక్కింది. సాయంత్రాలు ఆమెకు ఒళ్లు వెచ్చబడితే జ్వరం గోళీ ఇచ్చి మళ్లీ మగ్గం గుంటలో కూర్చోబెట్టింది నేనే.

ఆయాసంతో హైదరాబాద్ దవాఖానకు చేరేసరికి క్రిములు కవాటాన్ని తినేశాయి. ఆపరేషన్ చేసి మార్చారు. బతికింది. కానీ ఇప్పుడు బిందె ఎత్తే శక్తి లేదు, మగ్గం నేసే శక్తి లేదు.

చిగుళ్ల సంగతి ముందే ఎవరూ చెప్పలేదా అని అక్కడి డాక్టరు అడిగితే, “లేదు సారూ, నేనే పట్టించుకోలే,” అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా, “మా ఆయన ఉండవట్టి బతికిన,” అంటుంది. లేచి బయటికి పోవాలనిపిస్తుంది. పోతే ఎక్కడికని అడుగుతుంది. కూర్చునే ఉంటాను. నిజం చెబితే ఆమెకు నా మీది నమ్మకం కూడా మిగలదని సర్దిచెప్పుకుంటాను. ఆ జాలి ఆమె మీదా, నా మీదా?

మిమ్మల్ని క్షమించమని అడగను. అది ఆమె చేతిలోది. డాక్టరు చెప్పాడు. నేను దాచాను. రాసేశాను. పక్క గదిలో ఆమె ఊపిరి కోసం తంటాలు పడుతోంది. నాకు మాత్రం ఛాతీ కొంచెం తేలికైంది.